తూటా కేసుల మెరుపు సరే, ఆ దుమ్ము సంగతేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

ఖాళీ తూటా కేసులను, అంటే కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలను, శుభ్రం చేసి మళ్లీ వాడుకోవడం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఈ విషయం మీద రాసేవాళ్లే తక్కువ, అందుకు ముందుగా మీకు థాంక్స్. ఫొటోలు కూడా బాగున్నాయి. కానీ వ్యాసమంతా కేసులను తళతళలాడించడం ఎలా అన్నదాని చుట్టూనే తిరిగింది. వైబ్రేటరీ టంబ్లర్‌లో, అంటే మోటారుతో అదిరే గిన్నెలో, మెరుగు పెట్టే రవ్వ పోసి, కేసులు వేసి, రాత్రంతా గది మూలన తిరగనిచ్చి, పొద్దున్నే జల్లెడ పట్టుకోమని చెప్పి ఊరుకున్నారు. సీసం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎవరైనా ఆ వ్యాసం చూసి అచ్చం అలాగే చేస్తారేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను ఒక షూటింగ్ క్లబ్బులో రీలోడింగ్ గది చూసుకుంటాను. రీలోడింగ్ అంటే ఖాళీ కేసులతో మళ్లీ తూటాలు తయారు చేయడం. రేంజిలో, అంటే గురి సాధన చేసే చోట, సభ్యులు కాల్చి వదిలేసిన ఇత్తడి కేసులన్నీ బకెట్ల కొద్దీ మా దగ్గరికే వస్తాయి. వాటిని ఏరి, కడిగి, ఆరబెట్టి, పగుళ్లున్నవి తీసేసి, మిగతావి సైజుల వారీగా డబ్బాల్లో పోసి రీలోడింగ్ లైసెన్సున్న సభ్యులకు అందించడం మా పని. నాకు ఇద్దరు అసిస్టెంట్లు ఉన్నారు. యాభై కేసులు శుభ్రం చేసుకునేవాడి సమస్యలు వేరు, బకెట్ల లెక్కన చేసేవాళ్ల సమస్యలు వేరు. మీ వ్యాసం మొదటి రకం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంది. చదివేది మాత్రం రెండు రకాల వాళ్లూనూ.

అసలు కేసు మీద ఉన్న మసి ఏమిటో ముందు చెప్పాలి. కేసు అడుగున మధ్యలో చిన్న గిన్నెలా కనిపించేది ప్రైమర్. తుపాకీలోని పిన్ను దాన్ని కొట్టగానే లోపలున్న మందు భగ్గుమంటుంది, ఆ మంట చిన్న రంధ్రంలోంచి లోపలికి పోయి గన్‌పౌడర్‌ను అంటిస్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న ప్రైమర్లలో చాలావాటిలో ఆ మందు లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్, ఆంటిమొనీ సల్ఫైడ్‌ల మిశ్రమం. లెడ్ స్టిఫ్నేట్ అంటే సీసపు సమ్మేళనమే. ఒక్కో ప్రైమర్‌లో మందు కొన్ని పదుల మిల్లీగ్రాములే ఉంటుంది. కాలిన తర్వాత ఆ సీసం ఎక్కడికీ పోదు. కొంత పొగలో కలుస్తుంది, కొంత కేసు లోపలి గోడలకు, ప్రైమర్ గుంటకు సన్నటి బూడిదలా అంటుకుపోతుంది. బుల్లెట్ అడుగుభాగం రాగి తొడుగు లేకుండా సీసమే బయటికి ఉంటే, మంట వేడికి అక్కడి నుంచీ కొంత సీసం మసిలో కలుస్తుంది. సీసం లేని ప్రైమర్లు కూడా వస్తున్నాయి. కానీ రేంజి నేల మీద నుంచి ఏరిన బకెట్‌లో ఏ కేసులో ఏ ప్రైమర్ ఉందో ఎవరు చెప్పగలరు? అన్నింట్లోనూ సీసం ఉన్నట్టే అనుకుని పని చేయాలి.

ఇప్పుడు పొడి పద్ధతి చూడండి. అక్రోటు పెంకుల రవ్వో, మొక్కజొన్న కండెల రవ్వో టంబ్లర్ గిన్నెలో పోసి కేసులు వేస్తే, మోటారు అదురుకు ఆ రవ్వ కేసులను గంటల తరబడి రాస్తుంది. మసి కేసుల మీద నుంచి ఊడి రవ్వకు అంటుకుంటుంది. అంటే సీసం కేసు వదిలి రవ్వలోకి వచ్చింది. కొత్త రవ్వ లేత గోధుమ రంగులో ఉంటుంది, కొన్ని బ్యాచ్‌లు తిరిగాక బూడిద రంగుకు మారుతుంది. ఆ బూడిద రంగులోనే మనం మాట్లాడుకుంటున్న సీసం ఉంది. తర్వాత మూత తీసి, కేసులను జల్లెడ బుట్టలో పోసి గిరగిరా తిప్పుతారు. రవ్వ కింద పడుతుంది, కేసుల్లోంచి జలజలా రాలుతుంది, మెత్తటి దుమ్ము మాత్రం పైకి లేస్తుంది. కిటికీలోంచి ఎండ పడుతున్న గదిలో ఒకసారి ఈ పని చూడండి. వెలుతురు చారలో ఆ దుమ్ము చాలాసేపు అలాగే తేలుతూ ఉంటుంది. తిప్పేవాళ్ల ముఖం సరిగ్గా దాని మీదే ఉంటుంది.

మా దగ్గర పనిచేసే కుర్రాడు ఇంతకుముందు వేరే చోట ఇదే పని చేసేవాడు. పేరు చెప్పను, ఆ చోటు పేరూ చెప్పను. అక్కడ కిటికీ లేని స్టోర్ రూమ్‌లో పెద్ద టంబ్లర్లు వరసగా పెట్టి పొడి పద్ధతిలోనే రోజంతా తిప్పేవాళ్లట. మాస్క్ అంటే గుడ్డ మాస్కే. మధ్యాహ్నం భోజనం కూడా ఆ బెంచీ మీదే. మా దగ్గర చేరిన కొత్తల్లో, "అక్కా, పొద్దున లేస్తూనే ఒళ్లంతా నీరసం, పొట్టలో ఏదో పట్టేసినట్టు ఉంటోంది" అనేవాడు. నిద్ర చాలక అనుకున్నాడు పాపం. రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించమని నేను పట్టుబట్టి పంపించాను. రిపోర్టు చూసిన డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేస్తావా?" అని. రెండో ప్రశ్న, "ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?" అని. ఉంది, నడక నేర్చుకుంటున్న పాప. ఆ పాపకూ పరీక్ష చేస్తే సీసం ఉండాల్సిన దానికన్నా ఎక్కువే వచ్చింది. పాప ఎప్పుడూ రేంజి గడప తొక్కలేదు. నాన్న చొక్కా మీద, బూట్ల మీద, జుట్టులో వెళ్లింది ఆ దుమ్ము. ఆ కుర్రాడు అది చెబుతూ ఏడ్చిన ఏడుపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు చేతులు ఆడవు.

ఇక్కడ రెండు అంకెలు చెబుతాను. అమెరికాలో పని ప్రదేశాల్లో సీసం మీద నిబంధన 1978లో వచ్చింది. దాని ప్రకారం ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి సీసం ఉండకూడదు. రక్తంలో డెసీలీటరుకు 60 మైక్రోగ్రాములు దాటితే ఆ ఉద్యోగిని సీసం పని నుంచి తప్పించాలి. అదే దేశంలో ప్రజారోగ్య సంస్థ సీడీసీ చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త పడాల్సిన అంకెను 2021లో డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. అరవై ఎక్కడ, మూడున్నర ఎక్కడ! పాత నిబంధనలు చూసుకుని 'మేం లిమిట్‌లోనే ఉన్నాం' అని ధీమాగా ఉండేవాళ్లు ఈ తేడా చూడాలి. పిల్లల విషయంలో ఇంతవరకు ఫర్వాలేదని చెప్పగలిగే సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

ఒంట్లోకి వెళ్లిన సీసాన్ని శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. రక్తంలో ఉన్నది సుమారు నెలకు సగం తగ్గుతుంది. ఎముకల్లో చేరింది మాత్రం దశాబ్దాలు ఉంటుంది. గర్భం దాల్చినప్పుడు ఎముకల్లోంచి కాల్షియంతో పాటు అదీ బయటికి వచ్చి బిడ్డకు చేరుతుంది. అందుకే ఈ పని చేసే ఆడపిల్లలకు నేను మరీ గట్టిగా చెబుతాను. పెళ్లికి ముందు చేసిన పనే కదా, ఇప్పుడు మానేశాను కదా అనుకోవడానికి లేదు.

ఇక మేం చేసే పద్ధతి. ఒక్క మాటలో చెప్పాలంటే, దుమ్ము లేవకముందే తడిపేస్తాం.

బకెట్ రాగానే మొదట ఏరడం. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. కేసులను వెడల్పాటి ట్రేలో పరిచి చూస్తే మొట్టమొదట వెతకాల్సింది పేలని తూటాలు. రేంజి నేల మీద మిస్‌ఫైర్ అయినవి, జేబులోంచి జారిపడ్డవి ఖాళీ కేసుల్లో కలిసిపోతుంటాయి. అవి టంబ్లర్‌లోకి గానీ, ప్రైమర్ ఊడగొట్టే ప్రెస్‌లోకి గానీ వెళ్లకూడదు. మా దగ్గర వాటికి వేరే డబ్బా ఉంది, దాన్ని రేంజి ఆఫీసరు తీసుకెళ్తారు. తర్వాత అయస్కాంతం. ఇత్తడిలా పూత పూసిన ఉక్కు కేసులు దానికి అంటుకుంటాయి. అల్యూమినియం కేసులను బరువుతోనే పసిగట్టవచ్చు. నికెల్ పూత ఉన్న తెల్లటి కేసులను విడిగా పెడతాం, ఎందుకంటే వాటిని ఎక్కువసేపు తిప్పితే పూత పెచ్చులుగా లేస్తుంది.

ఏరేటప్పుడు ఎక్కువ టైమ్ పట్టేది ఒకదాంట్లో ఒకటి దూరిన కేసులకే. 9 ఎంఎం, .40, .45 అనేవి పిస్టల్ తూటాల సైజులు. 9 ఎంఎం కేసు .40 కేసులో దూరుతుంది, .40 వెళ్లి .45లో కూర్చుంటుంది. ఒక్కోసారి మూడూ ఒకదాంట్లో ఒకటి బిగుసుకుని వస్తాయి. అలాగే టంబ్లర్‌లో వేస్తే లోపలిది కడగబడదు, పైగా రెండూ ఇంకా బిగుసుకుపోతాయి. ఆరబెట్టాక కూడా మధ్యలో నీరు నిలిచి ఉంటుంది. సైజుల జల్లెడలు వేస్తే పని త్వరగా అవుతుంది గానీ, చివరి చూపు మనిషిదే కావాలి. .45లో ప్రైమర్ గుంట పెద్దది ఉన్నవీ, చిన్నది ఉన్నవీ రెండు రకాలు వస్తాయి, అవి కలిస్తే తర్వాత ప్రెస్ దగ్గర కూర్చున్నవాళ్లు మనల్ని తిట్టుకుంటారు.

తర్వాత వాడిన ప్రైమర్లు ఊడగొట్టాలి. కొందరు ముందు కడిగి తర్వాత ఊడగొడతారు. తడి పద్ధతిలో ముందే ఊడగొట్టడం మంచిదని నా అనుభవం. ప్రైమర్ ఉండిపోతే దాని వెనక నీళ్లు చేరి రోజుల తరబడి ఆరవు, అసలు మసి ఎక్కువగా ఉండే ప్రైమర్ గుంట కడగబడనే కడగబడదు. అయితే ఊడగొట్టేటప్పుడు కూడా బూడిద రాలుతుందని మరిచిపోకూడదు. ఊడిన ప్రైమర్లు ట్యూబులోంచి నేరుగా మూత ఉన్న సీసాలో పడేలా పెట్టుకున్నాం. ఆ సీసా అడుగున చేరే నల్లటి పొడిని ఎవరూ ఊదకూడదు, చీపురుతో ఊడ్వకూడదు. బెంచీని తడిగుడ్డతోనే తుడుస్తాం. కేసు లోపల అడుగున ఒక్క రంధ్రానికి బదులు పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తే అది బెర్డాన్ రకం. ప్రైమర్ ఊడగొట్టే మామూలు పిన్ను దాంట్లోకి దిగదు, బలవంతం చేస్తే పిన్ను విరుగుతుంది. దాన్ని నేరుగా స్క్రాప్‌లో వేసేస్తాం.

అప్పుడు తడి టంబ్లర్. నీళ్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు, గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా, నిమ్మ ఉప్పు ఇంకా కొద్దిగా. రీలోడర్లలో చాలాకాలంగా నడుస్తున్న కొలత ఒకటి ఉంది. సుమారు 7 కిలోల బరువు మోసే డ్రమ్ముకు రెండుంపావు కిలోల పిన్నులు, కిలోకు కాస్త తక్కువగా కేసులు, నాలుగు లీటర్లకు కాస్త తక్కువగా నీళ్లు. కిలోకు కాస్త తక్కువ అంటే 9 ఎంఎం కేసులు రెండు వందల పైచిలుకు వస్తాయి. వెయ్యి 9 ఎంఎం కేసులు సుమారు నాలుగు కిలోలు తూగుతాయి కాబట్టి పెద్ద బ్యాచ్‌లు చేసేవాళ్లకు ఆ డ్రమ్ము చాలదు. అందుకే బకెట్ల లెక్కన చేసేవాళ్లు ప్లాస్టిక్ డ్రమ్ము ఉన్న చిన్న కాంక్రీట్ మిక్సర్ వాడతారు. మేమూ అదే వాడుతున్నాం. దాంట్లో పిన్నులు లేకుండా సబ్బు నీళ్లతోనే తిప్పినా కేసులు ఒకదాన్నొకటి రాసుకుని బాగానే శుభ్రపడతాయి. ప్రైమర్ గుంటలు అద్దంలా రావు, అంతే. అద్దంలా రావాల్సిన అవసరమూ లేదు.

పిన్నులు వాడేవాళ్లకు ఒక మాట. కేసుల మూతుల్లో రెండు పిన్నులు అడ్డంగా ఇరుక్కుంటుంటాయి, ముఖ్యంగా సన్న మెడ ఉన్న రైఫిల్ కేసుల్లో. కడిగాక ప్రతి కేసునూ తలకిందులు చేసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి లోపలికి చూడాలి. స్టీల్ పిన్ను లోపలే ఉండిపోయి, దాని మీద పౌడర్ పోసి, తూటా తయారై తుపాకీలోకి వెళ్తే ఆ పిన్ను బ్యారెల్ గుండా పోతుంది. మా రెండో అసిస్టెంటు ఒక అమ్మాయి, ఈ చూపులో ఆమెను మించినవాళ్లు లేరు. కేసును వేళ్ల మధ్య తిప్పుతూనే శబ్దాన్ని బట్టి లోపల పిన్ను ఉందో లేదో చెప్పేస్తుంది. అయినా సరే, చూడకుండా మాత్రం డబ్బాలో వేయదు.

మిక్సర్ ఆపి వంచినప్పుడు వచ్చే నీళ్లు చూస్తే నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. చిక్కటి బూడిద రంగు, పైన నల్లటి నురగ. పొడి పద్ధతిలో ఆ రంగంతా గాల్లోకి, రవ్వలోకి వెళ్లేది. ఇక్కడ నీళ్లలో ఉండిపోయింది. కానీ పని అక్కడితో అయిపోలేదు. ఆ నీళ్లను చెట్లకు పోయకూడదు, వాన నీటి కాలవలోకి వంపకూడదు. సీసంతో పాటు నిమ్మ ఉప్పుకు కరిగిన రాగి కూడా అందులో ఉంటుంది. రాగి కరిగిన నీళ్లు చేపలకు విషం. మేం ఆ నీళ్లను మూత ఉన్న డ్రమ్ముల్లో నిల్వ ఉంచి, అడుగుకు దిగిన మట్టితో సహా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పజెబుతాం. దానికి ఖర్చవుతుంది. క్లబ్బు కమిటీ మొదట్లో గొణిగింది కూడా. కానీ ఒప్పుకుంది. పొడి పద్ధతి వాడేవాళ్ల పాత రవ్వకూ ఇదే వర్తిస్తుంది. దాన్ని పెరట్లో ఎరువుగా చల్లిన మనిషిని నేను ఎరుగుదును. 'మొక్కజొన్నే కదా' అన్నాడు.

మొదటి నీళ్లు తీశాక కనీసం మూడుసార్లు మంచి నీళ్లలో జాడించాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించడమే అసలు లెక్క. సబ్బు, యాసిడ్ మిగిలిపోతే కేసుల మీద మరకలు వస్తాయి. ఆరబెట్టడానికి టవల్ మీద పరిచి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టినా సరిపోతుంది. తొందరైతే అరవై డెబ్భై డిగ్రీల్లో ఉంచే డ్రయర్ వాడవచ్చు, దాన్ని మళ్లీ తిండి పదార్థాలకు వాడకూడదు. వంటింటి ఓవెన్‌లో పెట్టమని కొందరు సలహా ఇస్తుంటారు. అది రెండు రకాలుగా తప్పు. సీసం అంటిన వస్తువును అన్నం వండుకునే చోటికి తీసుకెళ్లడం ఒకటి. రెండోది, వేడి ఎంతో సరిగా తెలియని ఓవెన్‌లో ఇత్తడి మెత్తబడే ప్రమాదం. సుమారు 250 డిగ్రీల సెల్సియస్ నుంచి ఇత్తడి గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. కేసు మూతి దగ్గర మెత్తగా ఉన్నా ఫర్వాలేదు. అడుగుభాగం మాత్రం గట్టిగా ఉండాల్సిందే. 9 ఎంఎం తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడికి పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .308 వించెస్టర్ అనే రైఫిల్ తూటాకు 62,000 పౌండ్లు. ఆ ఒత్తిడిని ఆపేది ఆ అడుగుభాగమే. అది మెత్తబడిన కేసు ముఖానికి అడుగు దూరంలో పేలుతుందని గుర్తుపెట్టుకోవాలి.

మీ వ్యాసంలో ఇత్తడి పాలిష్ లిక్విడ్ ఒక చెంచా రవ్వలో కలపమన్న సలహా ఉంది. దానికి నేను గట్టిగా అడ్డు చెబుతున్నాను. ఆ పాలిష్‌లలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. కేసుల ఇత్తడి 70 శాతం రాగి, 30 శాతం జింకు. దాన్ని చల్లగా ఉండగానే లాగి, నొక్కి ఆకారం తెస్తారు కాబట్టి లోహంలో బిగువు మిగిలి ఉంటుంది. బిగువున్న ఇత్తడికి అమ్మోనియా తగిలితే పగుళ్లు వస్తాయి. ఇది మన దేశంలోనే బయటపడ్డ సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిశాక తీసి చూస్తే కేసులు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, దానికి తోడు గాలిలో తేమ. కారణం ఇదని మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు 1921లో తేల్చేదాకా అది ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. మన నేల మీదే అంత నష్టంతో తేలిన విషయాన్ని మన భాషలో వచ్చిన వ్యాసమే మరిచిపోతే ఎలా? వాడే పాలిష్ డబ్బా మీద అమ్మోనియా లేదని రాసి ఉంటే తప్ప దాన్ని కేసుల దగ్గరికి రానివ్వకండి.

యాసిడ్ విషయంలోనూ అతి పనికిరాదు. నిమ్మ ఉప్పు ఎక్కువేసినా, వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టినా పసుపుపచ్చ కేసు గులాబీ రంగులోకి తిరుగుతుంది. అంటే పైపొర నుంచి జింకు పోయి రాగి మిగిలిందన్నమాట. పైనున్న డ్రమ్ము కొలతకు పావు టీస్పూను చాలు. ఇంకాస్త మెరవాలని గంటల కొద్దీ తిప్పినా నష్టమే. కేసుల మూతులు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు లోపలికి మడుచుకుంటాయి. వేలితో తడిమితే గరుకుగా తెలుస్తుంది. కేసు ఎంత మెరిసినా తూటా మామూలుకన్నా ఒక్క వెంట్రుకవాసి కూడా ఎక్కువ సూటిగా పోదు. శుభ్రం చేసేది రెండింటి కోసం. ఇసుక, మసి డైలో, అంటే కేసును కొలతకు నొక్కే అచ్చులో, గీతలు పెట్టకుండా ఉండటానికి, కేసు మీద పగులు ఉంటే కంటికి కనపడటానికి. కేసు అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే సన్నటి గీత కనిపిస్తే అక్కడ లోహం పలచబడి తెగిపోవడానికి సిద్ధంగా ఉందని అర్థం కావచ్చు. కొన వంచిన సన్నటి తీగను లోపలికి పోనిచ్చి గీకి చూస్తే గాడి తగులుతుంది. తగిలిందా, ఆ కేసు స్క్రాప్‌లోకే. ఈ చూపుకు మసి అడ్డం రాకుంటే చాలు.

పొడి టంబ్లర్లు కొన్నవాళ్లంతా వాటిని పారేయాలని నేను అనడం లేదు. కడిగి ఆరిన కేసులకు చివర్లో మెరుగు పెట్టడానికి అవి బాగా పనికొస్తాయి. మసి కేసులకు వాడక తప్పకపోతే, మూత పెట్టి ఆరుబయట తిప్పండి. తిరిగాక మూత తీయకుండా దుమ్ము అణిగేదాకా ఆగండి. రవ్వలో కాస్త మినరల్ స్పిరిట్ కలిపితే, డ్రయర్ షీట్ ముక్కలు వేస్తే దుమ్ము చాలావరకు తగ్గుతుంది. జల్లెడ పట్టేటప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడండి. గుడ్డ మాస్క్, సర్జికల్ మాస్క్ ఈ దుమ్మును ఆపవు. పీ100 ఫిల్టరు ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనరు సన్నటి సీసం దుమ్మును వెనక నుంచి మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. హెపా ఫిల్టరు ఉన్నదైతేనే వాడాలి. పడకగదిలో, వంటింట్లో, పిల్లలు ఆడుకునే చోట మాత్రం ఏ పద్ధతీ వద్దు.

పని అయ్యాక ముఖం, చేతులు సబ్బుతో కడగాలి. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ సీసాన్ని తీయదు. సీసం వదలడానికి విడిగా తయారు చేసిన సబ్బులు, వైప్స్ దొరుకుతున్నాయి, పెద్ద బ్యాచ్‌లు చేసేవాళ్లు అవి వాడటమే మంచిది. మా గదిలో తిండి, టీ, సిగరెట్ ఏవీ రానివ్వం. మంచినీళ్ల బాటిల్ కూడా గది బయటే. పని బట్టలు, బూట్లు అక్కడే విప్పి వెళ్తాం, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకం. మా కుర్రాడు మా దగ్గర చేరాక ఈ పద్ధతులన్నీ పాటించాడు, డాక్టరు చెప్పినట్టు పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించుకున్నాడు. ప్రతిసారీ అంకె దిగుతూ వచ్చింది. పాపది కూడా తగ్గింది. మనిషిలో హుషారు వచ్చింది. ఎముకల్లో ఎంత మిగిలిందో ఏ రిపోర్టూ మాకు చెప్పలేదు.

క్లబ్బులు, రేంజిలు నడిపేవాళ్లకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట చెప్పాలి. కాల్చేవాళ్ల కోసం గాలి పీల్చే ఫ్యాన్లు, చెవులకు మఫ్లు, కళ్లకు అద్దాలు అన్నీ పెడతారు. కేసులు ఏరి కడిగేవాళ్లను మాత్రం వెనక స్టోర్ రూమ్‌కు పంపిస్తారు. ఆ పని ఎప్పుడూ అందరికన్నా చిన్నవాళ్లకు, కొత్తగా చేరినవాళ్లకు, జీతం తక్కువవాళ్లకే పడుతుంది. వద్దని అంటే ఉద్యోగం పోతుందని వాళ్లు నోరెత్తరు. ఆ గదికి గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో ఒక్కసారి వెళ్లి చూడండి. మీ ఖర్చుతో వాళ్లకు రక్తపరీక్ష చేయించండి. పరీక్షలో అంకె ఎక్కువ వస్తే జీతం కోయకుండా వేరే పనికి మార్చండి.

సంపాదకులు గారూ, మీరు ఆ వ్యాసానికి రెండో భాగం వేస్తారని ఆశిస్తున్నాను. కుదరకపోతే వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి మూడు సంగతులు వేయండి. కేసుల మసిలో సీసం ఉంటుందని, అమ్మోనియా పాలిష్ వాడొద్దని, ఇంట్లో పొడి టంబ్లర్ తిప్పొద్దని. ఇప్పటికే ఈ పని చేస్తున్న పాఠకులు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మామూలు రక్తపరీక్షతో సరిపెట్టుకోకుండా 'బ్లడ్ లెడ్ టెస్ట్' అని పేరు పెట్టి అడగాలి, అడగకపోతే అది మామూలుగా ఎవరూ రాయరు. ఇంట్లో ఆరేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకూ అదే పరీక్ష చేయించాలి.

ఇట్లు,
ఒక షూటింగ్ క్లబ్బు రీలోడింగ్ గది ఇన్‌చార్జి